ఆవ్ నెల ఇరవై తొమ్మిది

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి కూనవారిలంక కాజ్‌వే మీద నీళ్ళు మోకాళ్ళు దాటాయి. తొమ్మిదయ్యేసరికి కాజ్‌వే ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది. క్రిస్టినా రేవులో నిలబడి, గాలికి మాట వినపడక, ఫోను చెవికి అదిమిపెట్టుకుంది. అవతలి గట్టున సచివాలయం నుంచి వీఆర్వో అమ్మిరాజు మాట్లాడుతున్నాడు.

"భద్రాచలంలో యాభై మూడు అడుగులు దాటిందమ్మా. మూడో హెచ్చరిక ఇచ్చేశారు. ఆ నీళ్ళన్నీ రేపు మధ్యాహ్నానికల్లా మన నెత్తిమీదుంటాయి. లంకలో ఇంకా ఎంతమందున్నారు?"

"నలభై ఇళ్ళ వాళ్ళున్నారండి. నూట అరవై మంది."

"నిన్ననే చెప్పాం కదమ్మా! ఎందుకు కదల్లేదు?"

ఆ ప్రశ్నకు జవాబు క్రిస్టినా ఇంట్లోనే, నట్టింట్లో, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"పెద్ద బోట్లు రెండూ పైలంకల్లో తిరుగుతున్నాయి. మన దగ్గరికి ఏ వేళకొస్తాయో చెప్పలేను. ఊళ్ళో పడవలతోనే మొదలుపెట్టించు. సాయంత్రం నాలుగు దాటితే ఆ వడికి పడవ నిలవదు."

క్రిస్టినా ఆ సచివాలయంలోనే డిజిటల్ అసిస్టెంట్. కంప్యూటర్ పని, పేర్ల జాబితాల పని ఆమెది. ఖాళీ చేయించాల్సిన ఇళ్ళ జాబితా కూడా ఆమె చేతిలోనే ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఇంటింటికీ తిరిగింది. ఇరవై ఇళ్ళ వాళ్ళు గొడ్లను తోలుకుని గట్టెక్కారు. మిగిలినవాళ్ళందరిదీ ఒకటే మాట.

రేవులో పెదబాబు తన ఇంజను పడవను కొబ్బరిచెట్టుకి రెండో మోకు వేసి కడుతున్నాడు. లంకలో అదే పెద్ద పడవ. అతను కదిలితే మిగతా రెండు పడవలూ కదులుతాయి.

"పెదబాబుగారూ, జనాన్ని ఎక్కించండి. రేపటికి నీళ్ళొచ్చేస్తున్నాయి."

"మాస్టారు బుధవారం అన్నారు కదండీ," అన్నాడు పెదబాబు మోకు బిగిస్తూ. "ఇంకా అయిదు రోజులుంది. ఇప్పుడెళ్ళి అవతలి గట్టు బళ్ళో పడిగాపులు పడ్డం దేనికండీ? కిందటేడు ఆఫీసులవాళ్ళు రెండుసార్లు వెళ్ళమన్నారు, వెళ్ళాం. చుక్క నీళ్ళు రాలేదు. మాస్టారు చెప్పిన రోజున వచ్చాయి."

"ఈసారి నాన్న లెక్క తప్పండి."

"మీరట్టా అంటే ఎట్టాగండీ, అమ్మాయిగారూ?" పెదబాబు భార్య లోవలక్ష్మి నొచ్చుకుంది. "ఆయన కళ్ళు పోగొట్టుకుని చదువుతున్నది మనకోసమేగా!"

ఆ మాట కాదనడానికి లేదు. సురేష్‌బాబు మాస్టారు లంక బడిలో ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఈ ఊళ్ళో కూడికలు వచ్చినవాళ్ళందరికీ ఆయనే నేర్పాడు. మూడేళ్ళ కిందట, పెద్ద వరదలో, ఆయన భార్య సత్యకుమారికి గుండెనొప్పి వచ్చింది. చుట్టూ నీళ్ళు. పడవ అందేసరికి ఆరు గంటలు పట్టింది. అప్పటికే ఆమె లేదు. ఆ తర్వాత మాస్టారు నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు ఫోనులో ఎవరిదో వీడియో చూశాడు. బైబిల్లో మోషే రాసిన ఐదు కాండాల్లో, హీబ్రూ మూలంలో, మూడు లక్షల పైచిలుకు అక్షరాలున్నాయట. మాటల మధ్య ఖాళీలు తీసేసి వాటన్నిటినీ ఒకే దండలా గుచ్చి, ప్రతి ఏడో అక్షరమో, ప్రతి తొంభయ్యో అక్షరమో ఏరుకుంటూ పోతే లోపల దాగిన మాటలు బయటికొస్తాయట. పేర్లు, ఊళ్ళు, జరగబోయే వాటి తేదీలు.

యాభై ఏడేళ్ళ వయసులో మాస్టారు హీబ్రూ అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ అక్షరాలు వెతికే ప్రోగ్రాం లాప్‌టాప్‌లో ఎక్కించి ఇచ్చింది క్రిస్టినాయే. కీబోర్డు మీద హీబ్రూ స్టిక్కర్లు అంటించింది కూడా ఆమే. తండ్రి మళ్ళీ అన్నం తింటున్నాడు, మాట్లాడుతున్నాడు, అది చాలనుకుంది. ఆదివారాలు వచ్చే పాస్టరుగారు ఒకసారి, "దేవుడి మాట చదువుకోడానికండి మాస్టారూ, లెక్కెట్టుకోడానికి కాదు," అన్నాడు. మాస్టారు ఆ తర్వాత ఆయనతో ఆ సంగతి ఎత్తలేదు.

కిందటేడు మాస్టారు వరదకి నాలుగు తేదీలు చెప్పాడు. మూడు ఊరికే పోయాయి. నాలుగోసారి చెప్పిన రోజున నీళ్ళొచ్చాయి. ఊళ్ళో అందరికీ నాలుగోదే గుర్తుంది.

క్రిస్టినా ఇంటికి పరిగెత్తింది. మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని తెరమీదికి వంగి ఉన్నాడు. తెరనిండా గళ్ళు, గళ్ళనిండా అక్షరాలు.

"నాన్నా, భద్రాచలంలో యాభై మూడు దాటింది. లే, వెళ్దాం."

"బుధవారం, క్రిస్టీ. హీబ్రూ లెక్కలో ఎలూల్ నెల మూడు. 'గోదావరి'కి పదకొండు వరసల దూరంలో ఉంది, నీకు చూపించాను కదా."

"నది నీ గళ్ళు చూసుకుని రాదు నాన్నా!"

"మీ అమ్మప్పుడు ఆఫీసులవాళ్ళు ఏమన్నారు? సాయంత్రానికి తగ్గుతుందన్నారు." ఆయన గొంతు పెరగలేదు. "నేను వాళ్ళని నమ్మాను. పెద్దాసుపత్రికి ముందురోజే తీసుకెళ్ళాల్సింది. ఇంక ఎవరి అంచనాలూ నాకు చెప్పకు."

క్రిస్టినాకి ఏడుపొచ్చింది. ఏడ్చే తీరిక లేదు. గోడగడియారం పది చూపిస్తోంది. ఈయన కదలకపోతే పెదబాబు కదలడు. పెదబాబు కదలకపోతే నలభై ఇళ్ళు కదలవు. కిటికీలోంచి చూస్తే, పొద్దున్న రేవు మెట్ల కింద ఉన్న నీళ్ళు ఇప్పుడు అరటితోట మొదట్లో మెరుస్తున్నాయి.

"ఒక్కసారి నన్ను కూర్చోనీ," అంది.

"దేనికి?"

"నేనూ వెతుకుతాను."

మాస్టారు కూతురి ముఖంలోకి చూశాడు. మూడేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. కుర్చీ ఖాళీ చేశాడు.

క్రిస్టినా 'గోదావరి'కి ఆరు హీబ్రూ అక్షరాలు కొట్టింది. రెండో గడిలో రేపటి తేదీ. మామూలు తేదీ కొడితే హీబ్రూ తేదీగా ప్రోగ్రామే మార్చుకుంటుంది. ఆవ్ నెల ఇరవై తొమ్మిది. హీబ్రూలో రాస్తే నాలుగంటే నాలుగు అక్షరాలు. బటన్ నొక్కింది. తెర పక్కన ఫలితాలు జలజలా దిగాయి. అన్నీ కలిపి నూట పద్దెనిమిది. తండ్రి అటు తిరిగి మంచినీళ్ళు తాగుతుంటే గబగబా తేదీ మార్చి ఎల్లుండిది కొట్టింది. తొంభై ఆరు. కిందటి క్రిస్మస్ కొట్టింది. నూట మూడు.

అప్పుడు అర్థమైంది ఆమెకి. అక్కడ ఏ తేదీ వెతికినా దొరుకుతుంది. తండ్రి బుధవారం వెతికాడు, బుధవారం దొరికింది.

ఆ సంగతి ఇప్పుడు విప్పి చెప్పొచ్చు. చెబితే ఆయన వాదిస్తాడు, కాగితం తీస్తాడు, సాయంత్రమవుతుంది. క్రిస్టినా మళ్ళీ రేపటి తేదీ కొట్టి, ఫలితాలన్నిట్లోనూ దగ్గరగా ఉన్నది ఏరింది. రెండు మాటలు ఎంత దగ్గరపడితే అంత బలమని మాస్టారి నియమం. ఒకచోట 'గోదావరి'లోని అక్షరమే తేదీలోనూ కలిసింది. రెండూ అడ్డంగా, నిలువుగా ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి.

"నాన్నా, ఇటు చూడు."

మాస్టారు వంగాడు. కళ్ళద్దాలు దించుకున్నాడు.

"ఇరవై తొమ్మిది," అన్నాడు చివరికి. "రేపు."

"రేపే నాన్నా."

"ఉండు. సరిచూడాలి."

ఆయన అచ్చువేయించిన కాగితాల కట్ట దించి, పెన్సిల్ తీసుకుని, అక్షరం అక్షరం లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు వందల పన్నెండేసి అక్షరాలు దాటుకుంటూ లెక్క. మధ్యలో ఒకసారి తప్పి మళ్ళీ మొదటికొచ్చాడు. క్రిస్టినా గుమ్మంలో నిలబడి, ఓ చూపు గడియారం మీద, ఓ చూపు అరటితోట మీద వేస్తూ చేతిగోళ్ళు కొరుక్కుంది. ఫోను రెండుసార్లు మోగింది. అమ్మిరాజు. ఎత్తలేదు. పదకొండుంబావుకి మాస్టారు పెన్సిల్ పక్కన పెట్టాడు.

"నేను చూసుకోలేదు క్రిస్టీ. నాకు కనబడలేదు, నీకు కనిపించింది." కూతురి తలమీద చెయ్యి వేశాడు. "పద, మైకు తియ్యి."

ఆ చెయ్యి బరువు క్రిస్టినాకి చాలాకాలం గుర్తుంది.

చర్చి మైకులో మాస్టారి గొంతు లంకంతా వినిపించింది. "రేపే! బుధవారం కాదు, రేపే! అందరూ రేవుకి రండి!" పావుగంటలో పొయ్యిల మీది గిన్నెలు పొయ్యిల మీదే ఉండిపోయాయి. గొడ్ల పలుపులు కోసేశారు. లోవలక్ష్మి నడవలేని తన అత్తగారిని భుజాన వేసుకుని వచ్చింది. వలలు పడవలో చోటు తినేస్తాయని పెదబాబు వాటిని చర్చి డాబా మీదికి ఎక్కించి, టార్పాలిన్ కప్పి వచ్చాడు. మూడు పడవలూ పన్నెండింటికి కదిలాయి.

చివరి దఫాకి మూడున్నరైంది. పడవలో పదహారు మంది. మాస్టారు లాప్‌టాప్ సంచీని గుండెకి హత్తుకుని మధ్యలో కూర్చున్నాడు. ఏరు ఎర్రగా సుడులు తిరుగుతోంది. పడవ అవతలి గట్టుకి కాదు, పక్కకి పోతోంది. పెదబాబు పడవ ముక్కుని ఎగువకి తిప్పి, ఇంజను మొత్తం తెరిచి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. నడి ఏట్లో ఉండగా లోవలక్ష్మి కేక పెట్టింది.

"మానయ్యో! మాను!"

వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన పెద్ద మద్దిచెట్టు తిరుగుతూ మీదికి వస్తోంది. పెదబాబు చుక్కాని లాగాడు. చెట్టు మొదలు పడవ వెనకభాగానికి తగిలింది. పడవ ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. ఇంజను దగ్గి ఆగిపోయింది. ఆడవాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. పడవ వడికి కొట్టుకుపోతూ ఉంటే క్రిస్టినా, మరో ఇద్దరూ తెడ్లతో కొమ్మల్ని తోశారు. పెదబాబు తాడు లాగాడు, మళ్ళీ లాగాడు. అయిదోసారికి ఇంజను అందుకుంది. చేరాల్సిన రేవుకి కిలోమీటరు కింద, గట్టు రాళ్ళ మీదికి పడవను తోలేశాడు. రాళ్ళ మీద అందరూ చేతులూ కాళ్ళూ ఆనించి పాక్కుంటూ ఎక్కారు.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి గట్టు మీద నిలబడి అందరూ చూశారు. లంకలో చర్చి శిలువ, డాబా, కొబ్బరి తలలు తప్ప ఏమీ కనిపించలేదు.

వాళ్ళని ఉంచిన హైస్కూల్లో ఆ సాయంత్రం అందరి నోటా ఒకటే మాట. మాస్టారికే కాదు, మాస్టారి కూతురికి కూడా తెలుస్తుందట. అన్నాల వరసలో క్రిస్టినాని ముందుకు పంపారు. ఒకావిడ తన మనవరాలి కాన్పు ఏ రోజో చూసి చెప్పమంది. ఇంకొకావిడ ఏమీ అడగలేదు, క్రిస్టినా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. క్రిస్టినా చెయ్యి వెనక్కి లాక్కుని పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద ముఖం కడుక్కుంది. నూట అరవై ప్రాణాలు దక్కాయి, ఇంక ఊరుకుందాం అనుకుంది. నిజం చెబితే నాన్న ఏమైపోతాడు?

ఆదివారం పొద్దున్నకి నీళ్ళు అడుగున్నర తీశాయి. తొమ్మిదింటికి క్రిస్టినా సచివాలయం నుంచి తిరిగి వచ్చేసరికి పెదబాబు డీజిల్ డబ్బా పట్టుకుని బయల్దేరుతున్నాడు.

"ఎక్కడికండీ?"

"లంకకండీ. వలలు తెచ్చుకోవాలి. నలుగురం వెళ్తున్నాం."

"పైన గోదావరిలో కలిసే శబరి పొంగుతోందండీ! మధ్యాహ్నానికి మళ్ళీ పెరుగుతుంది. ఇప్పుడే మెసేజ్ వచ్చింది."

"లేదండీ. మాస్టారు చూశారు." పెదబాబు ధైర్యంగా నవ్వాడు. "ఆవ్ ముప్ఫైతో, అంటే ఇవాళ్టితో, వరద అయిపోయిందంట. ఇంక తగ్గడమే."

వరండాలో మాస్టారు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ పాతిక మంది. క్రిస్టినా వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, వాళ్ళని ఆపు."

"ఎందుకు? చాలా స్పష్టంగా ఉంది. మొన్నటి నీది ఎంత స్పష్టంగా ఉందో ఇదీ అంతే."

"నాది స్పష్టం కాదు నాన్నా." ఆమె అందరి వైపూ తిరిగింది. "వినండి. నాకు అక్షరాల్లో ఏమీ తెలియలేదు. శనివారమని అమ్మిరాజుగారు ఫోనులో చెప్పారు. ఆ తేదీ ముందు పెట్టుకుని, తర్వాత వెతికాను. దొరికింది. ఏది వెతికినా దొరుకుతుంది. మీరు కదలాలని అలా చేశాను."

లోవలక్ష్మి ముందుగా తేరుకుంది. "పోనీలే అమ్మా, ఎట్టాగైతేనేం, బతికించావుగా."

"మొన్న బతికించింది ఇవాళ మీ ఆయన్ని ఏట్లోకి పంపుతోందండీ!" క్రిస్టినా లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "పెదబాబుగారూ, ఏదో ఒక రోజు చెప్పండి. మీ ఇష్టం."

పెదబాబు అయిష్టంగా, "మొన్న దీపావళి," అన్నాడు.

క్రిస్టినా కొట్టింది. 'గోదావరి', 'వరద', దీపావళి తేదీ. తెర అందరికీ చూపించింది. పక్కపక్కనే మెరుస్తున్నాయి.

"దీపావళికి వరదేంటండీ!" ఎవరో అన్నారు.

"ఇంకొకటి చెప్పండి."

"భోగి," అన్నాడు పెదబాబు మెల్లగా. అదీ దొరికింది. అతను డీజిల్ డబ్బా కింద పెట్టాడు. అతనితో వెళ్ళాల్సిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఒక ముసలాయన మాత్రం, "పిల్ల భయపడి అబద్ధమాడుతోంది, ఆ శక్తి చెప్పుకోకూడదు మరి," అని గొణిగాడు.

మాస్టారు ఇంకా తెరవైపే చూస్తున్నాడు.

"సత్య పేరు కొట్టు," అన్నాడు.

"వద్దు నాన్నా."

"కొట్టు. 'చనిపోయింది' అని కూడా. ఆమె పోయిన రోజు, తమ్మూజ్ పదిహేడు. నాకు చోటు తెలుసు, మొదటి నెలలోనే చూశాను. మూడూ ఒక్కచోట ఉన్నాయి. అంత స్పష్టంగా రాసుంటే నేను చదువుకోలేదని…" మాట తెగిపోయింది. క్రిస్టినా ఆ మూడూ కొట్టేదాకా ఆగాడు. "ఇప్పుడు ఆ మాట తీసేసి, 'బతికింది' అని కొట్టు."

క్రిస్టినా నాలుగక్షరాలు కొట్టింది. బటన్ మీద వేలు పెట్టి తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. నొక్కింది.

సత్య. తమ్మూజ్ పదిహేడు. బతికింది. మూడుచోట్ల ఉంది. అందులో ఒకటి ఆయన చూసినదానికంటే దగ్గరగా ఉంది.

మాస్టారు ఆ గళ్ళని చూపుడువేలితో తడిమాడు. తర్వాత లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించి, లేచి, ఎవరినీ చూడకుండా నడిచి వెళ్ళి తొమ్మిదో తరగతి గదిలో చివరి బెంచీ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆరోజు మధ్యాహ్నం రెండింటికి ఏరు మళ్ళీ పెరగడం మొదలైంది. సోమవారం తెల్లవారేసరికి శనివారం కంటే అడుగు ఎక్కువే ఎక్కింది. చర్చి డాబా కూడా మునిగింది. పెదబాబు గట్టు మీద గొంతుక్కూర్చుని, పోయిన వలలని తలుచుకుంటూ, బీడీ మీద బీడీ కాల్చాడు. క్రిస్టినా అటుగా వెళ్తే లేచి నిలబడ్డాడు.

మాస్టారు రెండురోజులు కూతురితో మాట్లాడలేదు. లోవలక్ష్మి కంచం పెడితే తిన్నాడు. మంగళవారం ఉదయం మాత్రం గడ్డం గీసుకుని సచివాలయానికి నడిచి వెళ్ళాడు. క్రిస్టినా తన కంప్యూటర్ దగ్గర నుంచి చూస్తుండగానే, నేరుగా వెళ్ళి అమ్మిరాజు కూర్చున్న బల్ల ముందు నిలబడ్డాడు.

"భద్రాచలం నీళ్ళు మన దగ్గరికి ఎన్ని గంటల్లో వస్తాయండీ? శబరి కలిస్తే ఎంత తేడా వస్తుంది? పాత ఏళ్ళవి రాసిపెట్టుకున్నారా?"

అమ్మిరాజు బీరువాలోంచి ఆరేళ్ళ నీటిమట్టాల పుస్తకాలు తీసి ముందు పెట్టాడు. మాస్టారు మూలబల్ల దగ్గర కూర్చుని, తెల్లకాగితం మీద స్కేలుతో గీతలు గీసుకుని, అంకెలు ఎక్కించడం మొదలుపెట్టాడు. పదకొండు దాటాక క్రిస్టినా వెళ్ళి పక్కన నిలబడింది. ఆయన తలెత్తలేదు.

"నువ్వు నాతో అబద్ధం ఆడావు," అన్నాడు.

"ఆడాను నాన్నా."

"ఇంకెప్పుడూ ఆడకు."

"ఆడను."

ఆయన పుస్తకాన్ని ఆమెవైపు జరిపాడు. "ఎవరిదో రాత, కోడి కెలికినట్టుంది. ఈ పేజీ నాకు అంతుపట్టట్లేదు. చదువు, నేను వేసుకుంటాను."

క్రిస్టినా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆగస్టు పదహారు, ఉదయం ఆరు గంటలకి, నలభై ఎనిమిది పాయింట్ రెండు," అని చదివింది.